ఊరి పుస్తకం ఎలా రాయాలి: పుట్టినవాళ్లు, పెళ్లిళ్లు, పోయినవాళ్లు

మీరు అడిగింది ఇదీ: ఊళ్లో ఎవరైనా పోతే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి ‘ఓం శాంతి’ అనుకుంటున్నాం, రెండు రోజులకి అది కొత్త మెసేజ్‌ల కింద పడి కనపడకుండా పోతోంది. పాతవాళ్ల పేర్లు, పిల్లల పుట్టుకలు, పెళ్లిళ్లు, షష్టిపూర్తులు, చావులు అన్నీ ఒకచోట ఉండేలా ఊరికో పుస్తకం తయారు చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, గొడవలు రాకుండా ఎలా నడపాలి? నేను కృష్ణా డెల్టాలో ఒక ఊరికి చాలా ఏళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశాను. రిటైరయ్యాక ఆ ఊరి పుస్తకం పని నేనే చూస్తున్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఊరి పుస్తకం అనగానే చాలామంది గుడి ఎప్పుడు కట్టారు, మునసబు ఎవరు, మొదటి సర్పంచి ఎవరు అని మొదలుపెడతారు. అలా మొదలైన పుస్తకం పది ఇళ్ల దగ్గర ఆగిపోతుంది. మీరు ఇళ్లతో మొదలుపెట్టండి. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరిదాకా, పేటలు, కాలనీ, కాలవగట్టు మీద గుడిసెలు అన్నీ కలుపుకుని, ఇంటికో పేజీ. అందరికీ ఒకే సైజు పేజీ. యాభై ఎకరాల ఇంటికీ, కూలికెళ్లే ఇంటికీ తేడా ఉండకూడదు. మిగతావన్నీ మీ వీలుని బట్టి మార్చుకోవచ్చు గానీ ఈ ఒక్కటీ మార్చకండి. ఏ ఇల్లు మిగిలిపోయినా అది ఆ పది ఇళ్లవాళ్ల పుస్తకమే అవుతుంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఊళ్ల సంగతులు రాసిపెట్టడం మనకి కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరి వివరాలూ సేకరించారు. కైఫియత్తులనే ఆ ఊరి వివరాల్లో ఊరు ఎలా కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు అన్నీ దొరుకుతాయి. ఆ చెరువులో మట్టి మోసినవాళ్ల పేర్లు మాత్రం దొరకవు. కరణాల లెక్కలూ అంతే. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు రద్దయ్యేదాకా ఊరి కాగితాలన్నీ భూమి చుట్టూనే తిరిగాయి. భూమి లేనివాళ్ల పేరు, ఆడవాళ్ల పేరు ఆ కాగితాల్లోకి ఎక్కడం అరుదు.

అలాగని ఆ ఇళ్లలో జ్ఞాపకం లేదనుకోకండి. మాదిగ వాడల్లో జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, కొన్ని కులాలకి గోత్రాలు, వంశావళులు చెప్పే వంశరాజులు, పద్మశాలీలకి కులపురాణం చెప్పే కూనపులివాళ్లు, వీళ్లంతా తరతరాలుగా నోటితో మోసుకొచ్చిన లెక్కలు చాలా ఉన్నాయి. మీ వైపు అలాంటివాళ్లు ఇంకా వస్తుంటే అన్నం పెట్టి కూర్చోబెట్టి, వాళ్ల అనుమతితో ఫోనులో రికార్డు చేసుకోండి. వాళ్లకి ఇవ్వాల్సింది కూడా ఇవ్వండి, అది వాళ్ల బతుకుతెరువు. కాశీ, గయ వెళ్లొచ్చిన కుటుంబాలు ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో ఏం రాశారో కూడా అడగండి. ఒక్కోసారి ముత్తాత పేరు అక్కడే తేలుతుంది.

ఇక ఇళ్లలో ఏం వెతకాలి? జనం పాత ఫొటోల కోసం వెళతారు. నేనైతే ముందు చదివింపుల పుస్తకం అడుగుతాను. పొడుగాటి నోటుబుక్కు, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, తేదీ. కింద వరుసగా ఇంటిపేరుతో సహా మనిషి పేరు, ఊరు, చదివించింది. అయిదు రూపాయలు, పది రూపాయలు, నూటపదహార్లు, ‘ఇత్తడి చెంబు 1’, ‘స్టీలు పళ్లెం 1’. మళ్లీ వాళ్లింట్లో పెళ్లయితే తిరిగి చదివించాలి కాబట్టి ఈ పుస్తకాన్ని ఎవరూ పారేయరు, ట్రంకు పెట్టెలో అడుగున దాస్తారు. ఒక్క పుస్తకం దొరికితే ఆ ఏడాది ఆ రోజుకి ఊళ్లో ఇంటి పెద్దలుగా ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. ఇప్పుడు ఊళ్లో లేని ఇంటిపేర్లు కూడా బయటపడతాయి. ఆ పేరు పట్టుకుని ‘వీళ్లెవరు, ఎక్కడికెళ్లారు’ అని పెద్దవాళ్లని అడిగితే మీకు కొత్త పేజీ మొదలైనట్టే. డబ్బు ఎంత చదివించారన్నది మాత్రం ఊరి పుస్తకంలోకి ఎక్కించకండి. పేర్లు, ఊళ్లు చాలు.

తర్వాత వంటింట్లోకి వెళ్లండి. పాత ఇత్తడి బిందెలు, కంచు పళ్లేల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి. సారెలో వచ్చిన సామానైతే పుట్టింటివాళ్ల పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా ఉంటాయి. బిందెని పక్కకి వంచి, టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి, అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. బళ్లో ఫ్యాను రెక్కల మీద, చర్చి బల్లల మీద, బస్సు షెల్టరు మీద, రామాలయం మెట్ల మీద ‘జ్ఞాపకార్థం’ అని రాయించిన పేర్లన్నీ ఫొటోలు తీయండి. ఈ మధ్య రంగులు వేసేటప్పుడు వాటి మీద కూడా వేసేస్తున్నారు, ఆలస్యం చేయకండి.

చావుల తేదీలు దొరకడం కష్టం, అది ముందే తెలుసుకోండి. శుభలేఖని దాచుకోవడం, చావు కబురు తెచ్చిన కార్డుని చదివిన వెంటనే చింపేయడం మన అలవాటు. దినం కార్డు కూడా ఇంట్లో ఉంచుకోరు. అందుకని పెళ్లి తేదీ కాగితం మీద దొరుకుతుంది, చావు తేదీ తిథిగానే మిగులుతుంది. ‘మార్గశిర బహుళ పంచమి’ అని తద్దినం పెట్టే కొడుకు ఠక్కున చెబుతాడు, ఏ సంవత్సరమో చెప్పలేడు. గోడ మీద దండ వేసిన ఫొటో కింద స్టూడియోవాళ్లు జననం, మరణం తేదీలు రాసి ఉంటే మీ అదృష్టం. సమాధి రాళ్లు చూడండి. క్రైస్తవుల, ముస్లింల శ్మశానాల్లో తేదీలు ఎక్కువగా దొరుకుతాయి.

సంవత్సరం తెలియనప్పుడు తేదీ అడగకండి, గుర్తు అడగండి. ‘అమ్మమ్మా, మీ పెద్దోడు ఎప్పుడు పుట్టాడు?’ అంటే ‘నాకేం తెలుసయ్యా’ అంటుంది. ‘ఉప్పెనప్పటికి పుట్టాడా?’ అని అడగండి. ‘అప్పుడే అడుగులేస్తున్నాడు, చంకనేసుకుని బడి మీదికెక్కాం’ అంటుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, కాబట్టి పిల్లాడు 1976 చివర్లోనో, కాస్త అటూఇటూగానో పుట్టాడు. ఇలాంటి గుర్తులు ప్రతి ప్రాంతానికీ ఉంటాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం, 1983 జనవరిలో రామారావు ముఖ్యమంత్రి కావడం, 1986 ఆగస్టులో గోదావరి వరద, 1996 నవంబరులో కోనసీమ తుపాను. కృష్ణ ఒడ్డున 1980, 1992, 2004, 2016 పుష్కరాలు, గోదావరి ఒడ్డున 1979, 1991, 2003, 2015 పుష్కరాలు. తెలంగాణలో అయితే 1948 సెప్టెంబరు పోలీసు చర్య పెద్ద గుర్తు. మీ ఊరి సొంత గుర్తులు కూడా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: కరెంటు వచ్చిన ఏడు, మొదటి బస్సు, పెద్ద వంతెన, ఊళ్లో అగ్నిప్రమాదం.

తెలుగు సంవత్సరం పేరు చెబితే ఇంకా మంచిది. ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది, అరవై ఏళ్లు వెనక్కి వెళితే 1927. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలు ఎక్కువగా తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. పింగళ నామ సంవత్సరం మాఘంలో పెళ్లి అంటే 1977 కాదు, 1978. బడి రిజిస్టర్లో పుట్టినతేదీని కూడా గుడ్డిగా నమ్మకండి. బళ్లో వేసేటప్పుడు అయిదేళ్లు నిండేలా మాస్టారే ఒక జూన్ తేదీ వేసిన పిల్లలు లెక్కలేనంతమంది. ‘బడి రికార్డు ప్రకారం’, ‘తల్లి చెప్పిన ప్రకారం’ అని రెండూ రాయండి. తేలకపోతే ‘సుమారు’ అని రాయండి, అందులో తప్పేం లేదు.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. ఎక్కువ ఖాళీలు కనపడేది ఇక్కడే. ఏ ఇంటికెళ్లి వంశవృక్షం అడిగినా మగవాళ్ల పేర్లు నాలుగు తరాలు వస్తాయి. ‘మీ నాన్నమ్మ పేరేంటి?’ అంటే కొంచెం ఆలోచించి ‘అందరూ బందరమ్మ అనేవాళ్లు’ అంటారు. బందరు నుంచి వచ్చిన కోడలు కాబట్టి బందరమ్మ. అసలు పేరు మనవలకి తెలియదు. ప్రతి కోడలికీ అసలు పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయాల్సిందే. ఇంట్లో తెలియకపోతే ఆవిడ పుట్టింటి వైపు మేనల్లుళ్లకి ఫోన్ చేయించండి. వాళ్లకి ‘మా మేనత్త’ అని గుర్తుంటుంది. అలాగే పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచుల్ని పుట్టింటి పేజీలోంచి తీసేయకండి. ఏ ఊరు వెళ్లింది, పిల్లలెవరు, పోతే ఎప్పుడు పోయింది అన్నీ అక్కడే రాయండి. తన పేరు పుట్టింటి పేజీలో చూసుకుని ఒక పెద్దావిడ నా చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పసితనంలోనే పోయిన పిల్లల గురించి మీరుగా అడగకండి. తల్లి తనంతట తాను చెబితే, రాయమంటే, రాయండి. పేరు పెట్టకముందే పోయిన బిడ్డ అయినా సరే ‘ఆడపిల్ల, బారసాల కాకముందే’ అని రాయించుకున్న తల్లులున్నారు. యాభై ఏళ్ల తర్వాత కూడా వాళ్లకి ఆ లెక్క తప్పదు.

ప్రతి ఇంట్లోనూ ఇంకో ప్రశ్న అడగండి: ‘మీకు పురుడు పోసింది ఎవరు?’ ఆసుపత్రి కాన్పులు మామూలు కాకముందు ఊరంతటికీ ఒకరో ఇద్దరో మంత్రసానులు. ఆ చేతుల్లో పుట్టినవాళ్లు ఇవాళ అమెరికాలోనూ ఉన్నారు, ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ ప్రశ్న వల్ల ఆవిడ పేరు వందల పేజీల్లోకి వస్తుంది. తలయారి, కాటికాపరి, బట్టలుతికిన ఇల్లు, క్షవరం చేసిన ఇల్లు, పాలేర్లు, మిల్లు డ్రైవరు, ఊరికి మొదటి టైలరు, వీళ్లని కూడా పనితో పాటు పేరుతో రాయండి. ‘చాకలాయన’ అని కాకుండా ఆయన ఇంటిపేరు, పేరు.

ఎవరైనా పోయినప్పుడు ఏం చేయాలన్నది మీ అసలు ప్రశ్న. ఆ రోజు మీరు చేయాల్సింది సాయం, రాత కాదు. వివరాల కోసం పెద్దకర్మ దాకా ఆగండి. ఆ రోజు దూరపు బంధువులంతా వస్తారు, భోజనాలయ్యాక పందిట్లో కుర్చీలు దగ్గరికి లాక్కుని పోయిన మనిషి గురించే మాట్లాడుకుంటారు. మీరూ ఒక కుర్చీ వేసుకుని వినండి. క్రైస్తవ ఇళ్లలో ఆదరణ కూడిక రోజు, ముస్లింల ఇళ్లలో చెహలుం (నలభయ్యో రోజు) నాడు అలాగే వెళ్లండి.

రాసేటప్పుడు ‘మంచి మనిషి, అజాతశత్రువు, లేని లోటు తీరనిది’ అని రాయకండి. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే మాటలవి. ఆ మనిషి చేసిన పని ఒకటి, చెప్పిన మాట ఒకటి చాలు. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: ‘ఎడ్లకి నాడాలు కొట్టేవారు. ఎండాకాలం కాలవ కట్టేశాక మంచినీళ్ల చెరువు దగ్గర పశువులు దిగకుండా కాపలా ఉండేవారు, ఎవరూ జీతం ఇవ్వలేదు. చుట్ట వెలిగించుకోవడానికి తప్ప చెరువు గట్టు దిగేవారు కాదు.’ ఆయన్ని చూడని పిల్లలకి కూడా అది చదివితే మనిషి కనపడతాడు. ఆత్మహత్య, యాక్సిడెంట్, రోగం, ఇవి ఇంటివాళ్లు రాయమంటేనే. లేకపోతే తేదీ ఒక్కటే.

పోయారని రాయడానికి అందరికీ ఒకే మాట వాడండి. ఒకరికి ‘స్వర్గస్తులయ్యారు’, ఇంకొకరికి ‘చనిపోయాడు’ అని ఉండకూడదు. మేం ‘కన్నుమూశారు’ అని రాస్తాం, ఏ మతంవాళ్లకైనా ఇబ్బంది లేదు. పేరు చివర ‘గారు’ పెడితే అందరికీ పెట్టండి, లేకపోతే ఎవరికీ పెట్టకండి. పాత దాతల పలకలు చూస్తే తెలుస్తుంది, పైన నలుగురికి గారు ఉంటుంది, కింద ఇరవైమందికి ఉండదు. అది చదివిన ఇంటివాళ్లు ఎప్పటికీ మర్చిపోరు.

శుభకార్యాల్లో ఏవి రాయాలన్నది మీ ఊరు కూర్చుని తేల్చుకోవాలి. మేం పుట్టుక, పెళ్లి, ఇల్లు కట్టుకోవడం, ఊరు వదిలి వెళ్లడం లేదా తిరిగి రావడం, అరవై నిండటం, ఎనభై నిండటం, ఇవే పెట్టుకున్నాం. వలస వెళ్లిన రోజు రాయడం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఇంటి తాళం వేసి హైదరాబాదో కువైటో వెళ్లిన తేదీ ఆ ఇంటి చరిత్రలో పెళ్లి తేదీ అంత పెద్దది. ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లు మాత్రం పుస్తకంలో పెట్టకండి, ఆ అమ్మాయి ముందుముందు ఏమనుకుంటుందో మనకి తెలియదు. షష్టిపూర్తి డబ్బున్న ఇళ్లలోనే జరుగుతుంది. కాబట్టి ఫంక్షన్ చేసుకున్నా చేసుకోకపోయినా అరవై నిండినవాళ్లందరికీ ఒక లైను రాయండి. వెయ్యి పున్నములు చూడటానికి ఎనభై ఏళ్లు నిండి మరో పది నెలలు పడుతుంది, దాన్నే సహస్ర చంద్రదర్శనం అంటారు. ఆ వయసుకి వచ్చిన ప్రతి ఒక్కరింటికీ ఊరి తరఫున వెళ్లి ఒకే రకం శాలువా కప్పి రండి. స్టేజీ, ఫ్లెక్సీ వద్దు. ఇంటి అరుగు మీద కప్పినా ఆ సంతోషం వేరు.

ఏడాదికోసారి ఊరంతా కలిసి తలుచుకునే రోజు ఒకటి ఉండాలి. మహాలయ పక్షాలు, నవంబరు 2 సమాధుల పండగ, షబే బరాత్, ఎవరి రోజు వాళ్లకి ఉంది, వాటిలో వేలు పెట్టకండి. కరీంనగర్‌లో కొన్ని కుటుంబాలు దీపావళి రోజు సమాధుల దగ్గరికే వెళ్లి దీపాలు పెట్టి పండగ చేసుకుంటాయి. ఊరి రోజుగా కోస్తాలో సంక్రాంతి సెలవులు బాగుంటాయి, తెలంగాణలో దసరా. బయటివాళ్లంతా వచ్చి ఉంటారు. మేం కనుమ సాయంత్రం బడి ఆవరణలో కూర్చుని ఆ ఏడాది కన్నుమూసినవాళ్ల పేర్లు, పుట్టిన పిల్లల పేర్లు, కొత్త కోడళ్ల, అల్లుళ్ల పేర్లు చదువుతాం. వీధి వరుసలోనే చదువుతాం, ఒక ఏడాది ఊరి ఈ చివర నుంచి, మరుసటి ఏడాది ఆ చివర నుంచి. చదివేది బడి పిల్లలు. నాయకుల ప్రసంగాలు ఉండవు. ఉంటే ఆ మరుసటి ఏడాది సగం ఊరు రాదు.

గొడవల గురించి. మొదటి పేజీలోనే ‘ఇది ఆస్తి హక్కులకు గానీ, వారసత్వానికి గానీ ఆధారం కాదు’ అని రాయండి. లేకపోతే పొలం తగాదాలో మీ పుస్తకాన్ని లాయరు దగ్గరికి పట్టుకెళతారు. రెండో పెళ్లిళ్లు, విడాకులు, ఇంట్లోంచి వెళ్లి చేసుకున్న పెళ్లిళ్లు, ఆ మనుషులు ఒప్పుకుంటేనే. ఏ పేజీ అయినా ఆ ఇంటివాళ్లకి చదివి వినిపించి, సరేనన్నాకే ఇంకుతో ఎక్కించండి. బతికున్నవాళ్ల ఆధార్, ఫోన్ నంబర్లు వద్దు, పుట్టిన సంవత్సరం చాలు. పార్టీ పదవులు వద్దు. ఖర్చుకి ఒక్కరి దగ్గరే పెద్ద మొత్తం తీసుకోకండి, ఇంటికి కొద్దికొద్దిగా వేసుకుంటే పుస్తకం అందరిదీ అవుతుంది.

ఇంకో పని కూడా ఈ బాధ్యతలోనే ఉంది. పుట్టుకైనా చావైనా 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలి. 30 రోజుల్లోపు ఆలస్యపు రుసుంతో అవుతుంది, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. ఇంట్లోనే పోయిన ముసలివాళ్ల విషయంలో చాలామంది దీన్ని వదిలేస్తారు. తర్వాత పొలం పేరు మార్చాలన్నా, బ్యాంకులో డబ్బు తీయాలన్నా టెన్షన్ పడతారు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేరడం దగ్గర్నుంచి చాలా పనులకి పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే అడుగుతారు. మీరు ఎటూ వివరాలకి ఆ ఇంటికి వెళుతున్నారు కదా, ‘నమోదు చేయించారా’ అని అడగండి, లేకపోతే సెక్రటరీ దగ్గరికి మీరే వెంట వెళ్లండి.

పుస్తకం కాగితం మీదే ఉండాలి, గట్టి అట్ట, మంచి కాగితం. మూడు కాపీలు: పంచాయతీలో ఒకటి, బళ్లో ఒకటి, పేటలో చర్చి దగ్గరో అంబేద్కర్ భవనంలోనో ఒకటి. మా వైపు వరదలు, తుపాన్లు ఎక్కువ కాబట్టి ఒక కాపీ మేడ మీద గదిలోనే ఉంచుతాం. ఫొటోలు, ఆడియోలు ఇద్దరు ముగ్గురి డ్రైవ్‌లో దాచండి, ఒక్కరి ఫోన్ మీద ఆధారపడకండి. పాత గ్రూపు ఫొటో దొరికితే ముందు దాన్ని ఫొటో తీసి, వెనక మెత్తని పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. పెన్నుతో రాస్తే ముందువైపు దిగుతుంది.

మొదటి నెల ఒక్క వీధి చాలు. అదీ ఊరి చివరి వీధి. డెబ్బై అయిదు దాటినవాళ్ల పేర్లు రాసుకుని ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి, మధ్యాహ్నం నిద్ర లేచాక అయితే ఓపిగ్గా మాట్లాడతారు. ఒక అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, పెద్దావిడలు మగవాళ్లకి చెప్పని సంగతులు ఆ పిల్లకి చెబుతారు. ఏ వీధిలో పని ఆగిపోయిందో, ఎందుకాగిందో రాయండి, మా ఊళ్లో అలాంటిది ఎలా సర్దుకున్నామో చెబుతాను.